రాలిన పళ్ళు ఆడవాళ్ళవి

మా కొండ మీది ఊరు కఫర్ సిందియాన్‌లో ఒక మాట ఉంది. చెట్టు మీదున్న ఆపిల్ మగవాళ్ళది, నేల మీద పడ్డది ఆడవాళ్ళది. చెట్టు మీదవి పెట్టెలకెక్కి, లారీలకెక్కి, కిందనున్న కోల్డ్ స్టోరేజీలకు పోతాయి. వాటి గురించి మగవాళ్ళు ఏడాది పొడుగునా కాఫీ కొట్లో కూర్చుని తగువులాడుకుంటారు. గాలికి రాలినవి, పిట్టలు పొడిచినవి, వడగళ్ళ దెబ్బ తిన్నవి మా వంతు. మేం వాటిని ముక్కలు కోసి దండలు గుచ్చి ఎండబెడతాం, పాకం కాస్తాం, అన్నిటికంటే ముఖ్యంగా వెనిగర్ పెడతాం. ఇంటావిడ ఎలాంటిదో తెలియాలంటే ఆమె వెనిగర్‌లో ఒక రొట్టె ముక్క ముంచుకు తింటే చాలు. నా సంగతైతే అదీ అక్కర్లేదు. ఉమ్ నౌఫల్‌కు, అంటే నౌఫల్ తల్లినైన నాకు, ముక్కు మీద కోపమని చర్చి గంట కొట్టేవాడి దగ్గర్నుంచి అందరికీ తెలుసు.

వెనిగర్ పెట్టాలంటే తల్లి కావాలి. పాలకు తోడు ఎలాగో దీనికి తల్లి అలాగ. జాడీలో పైన తేలే జిగట పొర అది. చూడ్డానికి మేక కాలేయంలా ఉంటుంది, ముద్దు పుట్టే వస్తువేమీ కాదు. కొత్త ఆపిల్ రసంలో దాన్ని వదిలితే చలి ముదిరేసరికి రసం పులుపెక్కుతుంది. మా ఇంటి తల్లిని మా అత్తగారి అత్తగారు పెళ్ళికూతురుగా కంచరగాడిద మీద వస్తూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుందట. ఊళ్ళో ఇళ్ళన్నిటికీ మా జాడీలోంచే ముక్క వెళ్ళింది. అడిగినవాళ్ళకు లేదనకూడదు, ఇచ్చినదాన్ని వెనక్కి తెచ్చుకోకూడదు. ఇదీ నియమం. అది ఆడపిల్లను అత్తారింటికి పంపడం లాంటిది. వెనక్కి తెచ్చుకుంటే ఆ ఇంటి పులుపూ చస్తుంది, మన ఇంటి పులుపూ చస్తుంది అంటారు.

ఒక్క ఇంటికి మాత్రం నేనివ్వలేదు. అది నా తోడికోడలు యమ్నా ఇల్లు. మా అత్తగారు బతికుండగానే తన చేత్తో చెరి సగం చేసి, పెద్ద కోడలినని నాకొకటి, చిన్న కోడలని దానికొకటి ఇచ్చింది. ఆ తర్వాత ఒక పెళ్ళి భోజనాల్లో, పాద్రిగారి ఎదురుగా, యమ్నా నేను కలిపిన తబూలె సలాడ్ ఒక్క ముద్ద తిని, "మా అక్క వెనిగర్ పూస్తే చర్చి తలుపుకున్న రంగు ఊడొస్తుంది" అంది. "ఊడేది రంగు కాదే, నీ పళ్ళు" అన్నాను నేను. అంతే. అన్నదమ్ములిద్దరూ మర్నాడే కలిసి అరక్ సారా తాగారు. యుద్ధాన్ని నిలబెట్టింది మేమిద్దరమే. ఏళ్ళ తరబడి ఒకే వీధిలో ఎదురుపడుతూ ఒకరినొకరు గోడల్లా చూసుకున్నాం.

ఇక ఈ ఏటి సంగతి. వేసవిలో మా నౌఫల్‌కు పెళ్ళైంది. కోడలు రూలా బత్రూన్ పిల్ల, సముద్రం ఒడ్డున పెరిగింది. చేపను ముళ్ళు తీయకుండా కళ్ళు మూసుకుని తినగలదు గానీ, ఆపిల్‌ను కాడ విరగకుండా కోయడం తెలియదు. నేర్చుకుంటానని నా వెనకే తిరిగేది. మంచి పిల్ల. ఆ మాట నేను పైకి అనలేదు, అది వేరే విషయం.

కోతలు మొదలయ్యే ముందు ఇళ్ళన్నీ కడుగుతాం. నేను తోటలో రాలినవి గోతాల్లోకి ఏరుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసరికి డాబా మీద ఎండలో నా వెనిగర్ జాడీ బోర్లించి ఉంది. తళతళ మెరుస్తోంది. గోతం భుజం మీంచి జారవిడిచాను.

"చూశారా అత్తమ్మా, ఎంత శుభ్రంగా తేలిందో! నేలమాళిగలో ఎవరూ పట్టించుకోకుండా పడుంది. అడుగున ఏదో కుళ్ళిపోయి, ఛీ, జెల్లీ చేపలా జారుతోంది. మూడుసార్లు సబ్బు పెట్టి తోమా. సలసల కాగే నీళ్ళు పోశా."

"ఆ జారేదాన్ని ఏం చేశావ్?"

"కోళ్ళకేశా. అవీ ముట్టలేదండీ."

నేను నోరు తెరిచాను. తెరిచిన నోరు మూయడం నాకు ఎవరూ నేర్పలేదు. కంచరగాడిద దగ్గర్నుంచి మొదలుపెట్టాను. మూడు తరాల ఆడవాళ్ళు బిడ్డలా కాపాడినదాన్ని ఒక్క పూటలో కోళ్ళ పాలు చేశావన్నాను. నీకు ఇల్లంటే ఏం తెలుసన్నాను. చివర్న, "ఎంతైనా పరాయి చెయ్యి పరాయి చెయ్యే" అన్నాను. ఆ మాట బయటికొచ్చేసరికి ఆ పిల్ల తన చేతుల వంక చూసుకుంది. సబ్బు నీళ్ళకు నాని, తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి రూలా మర్యాదగా మారిపోయింది. కోడలు ఎదురు మాట్లాడితే భరించొచ్చు, మర్యాదగా ఉంటే భరించలేం. "అలాగేనండీ." "మీ ఇష్టమండీ." "నాకాకలి లేదండీ." నౌఫల్ నా వంకా దాని వంకా చూసి, మింగలేక కక్కలేక లారీ దగ్గరికి పోయేవాడు. మా ఆయన తన్నూస్ మాత్రం ఒక్క మాటన్నాడు: "జాడీ ఖాళీ అయింది ఒక్కసారే. నువ్వు ఇంటిని రోజూ ఖాళీ చేస్తున్నావ్." ముప్పై ఏళ్ళలో ఆయన అన్న మంచి మాట అదొక్కటే, అదీ నన్ను తిట్టడానికి.

సిలువ పండగ ముందు సాయంత్రం కొండకొండకూ మంటలు వేస్తాం. ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్కో శిఖరం మీదా ఒక్కో దీపం వెలుగుతుంది. ఆ మర్నాటి నుంచే ఎర్ర ఆపిల్ కోత. మా వాడ మంటకు ఆ ఏడాది వచ్చిన కొత్త కోడలు నిప్పు పెట్టాలి. ఎండు కొమ్మలు పేర్చారు, దర్బుకా డోళ్ళు వాయించేవాళ్ళు వచ్చారు, పిల్లలు గెంతుతున్నారు. మా ఆయన కాగడా తీసుకెళ్ళి రూలా చేతికి అందించబోయాడు.

"నాది పరాయి చెయ్యి కదా మామయ్యా. ఎందుకులెండి" అంది నెమ్మదిగా. నవ్వుతూనే అంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ విన్నారు.

ఎదురు కొండల మీద మంటలన్నీ ఆకాశానికి లేచాయి. మా వాడది చీకట్లో ఉండిపోయింది. చివరికి తన్నూసే వంగి అంటించాడు. పక్కింటి ముసలమ్మ నా చెవిలో, "ఆదివారం వాళ్ళ నాన్న వస్తున్నాడటగా, తీసుకెళ్ళడానికి?" అంది. నాకు తెలియదు. ఊరందరికీ తెలిసినది నాకు తెలియదు. ఆ మంట ముందు నిలబడి ఆలోచించాను. వెనిగర్ లేకపోతే నిమ్మకాయ పిండుకుంటాం. ఈ పిల్ల వెళ్ళిపోతే నా కొడుక్కి ఏం పిండి పెడతాను?

అప్పుడే నిర్ణయించుకున్నాను. తల్లిని మళ్ళీ తెచ్చి జాడీలో వేస్తే ఆ పిల్ల మీద పడ్డ మచ్చ పోతుంది. నా జాడీలోంచి పోయినవాటిని అడగకూడదు. నా జాడీలోంచి పోనిది ఊళ్ళో ఒక్కటే ఉంది.

తల్లిని అడగడానికి ఇంటావిడే వెళ్ళాలి, నడిచి వెళ్ళాలి, ఖాళీ జాడీ మూతి తెరిచి చంకన పెట్టుకుని వెళ్ళాలి. ఏం అడగబోతున్నావో వీధి అంతా చూడాలి. మర్నాడు పొద్దున్నే బయల్దేరాను. వీధి మొదట్లోనే వెనక అడుగుల చప్పుడు. రూలా.

"బరువు నేను మోస్తాను. పోగొట్టింది నేనే కదా" అంది. ఇంకా మర్యాదగానే అంది.

జాడీ దానికిచ్చాను. యమ్నా ఇంటి వైపు తిరిగేసరికి వసారాలన్నీ నిండిపోయాయి.

"ఏంటి ఉమ్ నౌఫల్, దారి తప్పావా?" అని ఒకావిడ.

"జెండర్మే పోలీసుల్ని పిలవండ్రోయ్, ఇద్దరూ ఒకే గదిలో ఉండబోతున్నారు!" అని ఇంకో ఆయన. వాడి తోటకు పురుగు పట్టా.

యమ్నా గుమ్మంలో కూర్చుని రాలిన పళ్ళు ఏరుతోంది. నన్ను చూసింది, జాడీని చూసింది, చేతిలో ఆపిల్ జారిపోయింది.

"మీ ఇంటి తల్లిలో ముక్క ఇవ్వు యమ్నా" అన్నాను.

దాని మొహం పాలిపోయింది. "రేపు రాకూడదా అక్కా?"

"అడిగినవాళ్ళకి రేపు అనకూడదు. మన అత్తగారు నీకు చెప్పలేదా?"

"చెప్పింది. సరే, కూర్చో. నేనే తెస్తా. నువ్వు రాకు." నేలమాళిగ మెట్లు దిగిపోయింది. ఎంతకీ రాదు. ఏదో సర్దుతున్న చప్పుడు. ఓపిక నా గుణం కాదు. నేనూ దిగాను. నా వెనక రూలా దిగింది.

జాడీ ముందు యమ్నా నిలబడి ఉంది. జాడీలో పొర లేదు, జిగట లేదు, తల్లి ఉన్న వాసన కూడా లేదు. గోనెపట్టా కింద దాచినవి కనబడ్డాయి. కొట్లో అమ్మే వెనిగర్ సీసాలు. ప్లాస్టిక్‌వి. వరసగా.

"యమ్నా!"

"ఆ పెద్ద మంచు పడ్డ ఏడు గడ్డకట్టి జాడీ పగిలి తల్లి పోయింది అక్కా. ఇది వేరే జాడీ" అని ఏడవడం మొదలుపెట్టింది. "పట్నం నుంచి సీసాలు తెప్పించి దీన్లో పోస్తా. లేబుళ్ళు పొయ్యిలో వేస్తా."

"ఊళ్ళో ఎవర్నైనా అడగొచ్చుగా!"

"ఎవర్నడిగినా నీ జాడీదేగా! నీ పులుపు నా ఇంట్లోకి రానిస్తానా? అంతకంటే ఫ్యాక్టరీ పులుపు నయమనుకున్నా."

"పోయిన పండక్కి పాద్రిగారు నీ వెనిగర్‌ని తెగ మెచ్చుకున్నాడు కదే."

"ఫ్యాక్టరీనే మెచ్చుకున్నాడు" అంది ముక్కు చీదుతూ.

నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నా ఆగలేదు. దానికీ వచ్చింది. ఇద్దరం ఆ సీసాల మధ్య ఆపిల్ గోతాల మీద కూలబడి కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వాం. ఎన్నేళ్ళ నవ్వో అది. తర్వాత ఒక్కసారి ఇద్దరికీ నవ్వాగిపోయింది. ఇప్పుడెలా?

"నేనే ఎవర్నో అడిగి తెచ్చి నీకిస్తా" అంది యమ్నా.

"ఏ దారిన తిరిగొచ్చినా అది నా జాడీదే. దేవుడి కళ్ళకు గంతలు కడదామనా?"

"అయితే పోయినట్టే."

"పోయినట్టే."

అప్పుడు రూలా మెట్ల మీద కూర్చుని, జాడీ ఒళ్ళో పెట్టుకుని, "ఒక మాట అడగొచ్చా?" అంది. "కంచరగాడిద మీద వచ్చిన ఆవిడ దాన్ని వాళ్ళమ్మ దగ్గర్నుంచి తెచ్చుకుంది. వాళ్ళమ్మ ఇంకెవరి దగ్గర్నుంచో. అలా వెనక్కి పోతే మొట్టమొదటి ఆవిడకి ఎవరిచ్చారు?"

నేనూ యమ్నా మొహామొహాలు చూసుకున్నాం. ఇన్నేళ్ళ ఆపిల్ కోతల్లో, ఇన్ని జాడీల్లో, ఈ ప్రశ్న మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"దేవుడిచ్చాడు" అంది యమ్నా.

"మరి ఇప్పుడెందుకివ్వడు? ఆయనకి పిసినారితనం వచ్చిందా?"

ఆ మాటకు యమ్నా గబుక్కున లేచింది. "కత్తులు తేవే అమ్మాయ్" అంది. "కోద్దాం. వస్తే వస్తుంది, రాకపోతే కోళ్ళున్నాయి."

జాడీ విషయంలో వాదన రాలేదు. "దీనికంటే శుభ్రమైన జాడీ ఈ కొండ మీద ఉందా?" అంది యమ్నా నా కోడలి వంక చూసి కన్ను కొడుతూ. చాలా రోజుల తర్వాత రూలా నిజంగా నవ్వింది. తొక్కలు, గింజలు, మచ్చలతో సహా ముక్కలు చేసి, నీళ్ళు పోసి, ఒక గరిటెడు తేనె వేసి, పైన పల్చటి బట్ట కట్టాం. వాసన పీల్చి నేను, "ముక్కలు మునిగేదాకా రోజూ కలపాలి" అన్నాను. అంతవరకే నాకు తెలుసు. తర్వాత ఏమవుతుందో మా ముగ్గురికీ తెలియదు.

ఊరు ఊరుకుంటుందా? తోటల్లో నిచ్చెనలెక్కి ఆపిల్స్ కోస్తూ అందరికీ ఇదే కబురు. "తోడు లేకుండా పెరుగు తోడేస్తున్నారట!" "తల్లి లేకుండా పిల్ల పుడుతుందట!" రూలా మాత్రం పొద్దున లేవగానే మా ఇంటి మాళిగకు వెళ్ళి కలిపేది, సాయంత్రం తోట నుంచి రాగానే చేతులు కడుక్కుని మళ్ళీ కలిపేది. కలిపి, చెవి పెట్టి వినేది. లోపల బుడగలు గుసగుసలాడుతున్నాయట.

ఆదివారం వాళ్ళ నాన్న మిలాద్ వచ్చాడు. పెద్ద చేతులున్న జాలరి, మాటకారి కాదు. ఐసు పెట్టెలో చేపలు తెచ్చాడు. కాఫీ తాగాడు. ఇంకో కప్పు తాగాడు. "అమ్మాయిని కొన్నాళ్ళు తీసుకెళ్దామని..." అని ఆగాడు. గదిలో అందరూ కిందకి చూస్తున్నారు.

నేను లేచి నిలబడ్డాను. "మిలాద్ అన్నయ్యా, నేను మీ అమ్మాయిది పరాయి చెయ్యి అన్నాను. కోపంలో అన్నాను గానీ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదన్న నియమం తిట్లకి లేదు. మీ అమ్మాయి వెళ్తే నాకు ముద్ద దిగదు. తర్వాత మీ ఇష్టం, తన ఇష్టం."

తన్నూస్ కాఫీ కప్పు గాల్లో ఆగిపోయింది. రూలా నా వంక చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదు.

"ఇప్పుడు రాలేను నాన్నా. కలుపుతున్నా."

"ఏం కలుపుతున్నావ్?"

"చెప్తే నవ్వుతావ్. ముక్కలు మునిగాక ఆలోచిస్తా."

"ఎన్నాళ్ళకి మునుగుతాయి?"

"తెలీదు. ఇక్కడ ఇదివరకెవరూ పెట్టలేదు."

మిలాద్ బుర్ర గోక్కుని, రెండు పెట్టెల ఆపిల్స్ ఎత్తుకుని ఒంటరిగా కొండ దిగాడు. ఆలోచిస్తా అంది గానీ ఉంటానని అనలేదు. ఆ ముక్క నాకు గుచ్చుకుంటూనే ఉంది. ముక్కలు మునిగిననాడు ఏం చేస్తుందో అని, దేవుడు నన్ను క్షమించుగాక, అవి ఎప్పటికీ తేలుతూ ఉండాలని కోరుకున్నాను.

పసుపుపచ్చ ఆపిల్స్ కోత కూడా పూర్తయ్యింది. ఆఖరి చెట్టు మాదే మిగిలింది. ఆఖరి చెట్టు దగ్గర ఊరంతా సాయం పట్టాలి, ఇంటివాళ్ళు ఊరికంతా పెట్టాలి. యమ్నా పొద్దున్నే వచ్చి నా రోట్లో నాతో పాటు కిబ్బె ఉండలకు మాంసం దంచింది. ఎవరు ఉప్పు ఎక్కువేశారని పోట్లాడుకున్నాం. హాయిగా ఉంది. చెట్ల కింద పరుపులు పరిచి, బొగ్గుల మీద కాలుస్తూ, చేతులు పట్టుకుని వరసగా దబ్కె ఆడారు. నౌఫల్ కొనకొమ్మ మీది ఆపిల్ కోసి రూలా ఒళ్ళోకి విసిరాడు. ఆ ఒక్కటీ అమ్మరు. ఇంటి కోడలిది. అది తుడుచుకుని కొరికి, నా పక్కకొచ్చి కూర్చుంది.

"ముక్కలు పొద్దున మునిగాయి అత్తమ్మా" అంది.

"మరి నాన్నకి ఫోన్ చేశావా?"

"చేశా. వడకట్టి, మళ్ళీ బట్ట కట్టి, కదపకుండా ఉంచాలి. ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా అన్నా." ఆపిల్ నముల్తూ దూరంగా చూసింది. "మీరైతే రోజుకి నాలుగుసార్లు మూత తీసి చూస్తారు. మీకు ఓపిక లేదు."

నిజమే. లేదు.

తోటలు ఖాళీ అయ్యాయి. ఏరుకునేవాళ్ళొచ్చి కొమ్మల్లో మిగిలినవి ఏరుకుపోయారు. వానలు వచ్చి వెళ్ళాయి. పై శిఖరానికి తెల్ల టోపీ పడిన రోజు పొద్దున మాళిగలోంచి కేక వినిపించింది. నేను చెప్పులు లేకుండా పరిగెత్తాను. యమ్నా ఎలా విన్నదో, పిండి చేతులతో వీధిలోంచి పరుగెత్తుకొచ్చింది.

రూలా బట్ట పక్కకు తీసింది. ముగ్గురం తలలు ఆనించి వంగాం. ముక్కుకు ఘాటు తగిలింది. ఆ ఎర్రటి రసం మీద ఒక పొర. పాల మీద మీగడంత పల్చగా, ఒక పక్క కొంచెం ముడతపడి. ఎవరి జాడీలోంచీ రాలేదు. ఎవరూ ఇవ్వలేదు. మా రాలిన పళ్ళ మీద తనంతట తాను పుట్టింది.

యమ్నా సిలువ గుర్తు వేసుకుంది. నిజమో కాదో చూద్దామని వేలు చాచాను.

టప్పుమని నా చేతి మీద దెబ్బ పడింది.

"ముట్టుకోకండి!" రూలా కళ్ళెర్రజేసింది. మర్యాదా లేదు, గిర్యాదా లేదు. "ఇంకా పసిది. కదిపితే మునిగి చస్తుంది. వసంతం దాకా దీని మీద చెయ్యి వేసేది నేనొక్కదాన్నే. ఎవరైనా అడగడానికొస్తే వచ్చే కోతలకి రమ్మంటా. మీకూ అంతే చిన్నత్తమ్మా, అలా చూడకండి."

యమ్నా నవ్వాపుకోలేక తలగుడ్డ కొస నోట్లో కుక్కుకుంది. ఈ ఇంటికి నేను వచ్చిన తర్వాత నా చేతి మీద కొట్టినవాళ్ళు లేరు. మా అత్తగారు కూడా కొట్టలేదు. చెయ్యి చుర్రుమంటోంది, కోపం రావాల్సిన చోట సంతోషం వచ్చింది. ఈ పిల్ల ఇంక ఎక్కడికీ పోదు.

"సరేనమ్మా" అన్నాను. ఆ మాట నా నోట వినడం కోసం మా ఆయన ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నాడు. పాపం, ఆ పూట కాఫీ కొట్లో ఉన్నాడు.